రోళ్లపాడు బీళ్లలో కృష్ణజింకలకు కనబడని మాటు: నిర్మాణ డైరీ

చెట్టు, బండ, పొద ఏదీ చాటుగా దొరకని గడ్డి నేలలో, కృష్ణజింకల గుంపుకు 30 మీటర్ల లోపల, వాటి మేతకు అంతరాయం కలగకుండా కెమెరాతో గంటల తరబడి కూర్చోగలిగే మాటును ఎలా తయారుచేయవచ్చో ఇక్కడ దశలవారీగా రాస్తున్నాను. స్థలం నంద్యాల జిల్లాలో, రోళ్లపాడు అభయారణ్యానికి వెలుపల ఉన్న ఒక బీడు. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పడిన ఆ అభయారణ్యం విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే. దాని లోపల ఈ పని ఏదీ చేయలేదు. లోపలికి వెళ్లి ఫొటోలు తీయాలన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరికినా, నేలమీద గుడ్లు పెట్టే పిట్టలున్న గడ్డిని ప్రయోగాల కోసం తొక్కడం తగదు. జింకలు ఎలాగూ హద్దు దాటి చుట్టుపక్కల పొలాల్లోకి మేతకు వస్తాయి. బీడు సొంతదారైన రైతు ఒప్పుకున్న తర్వాత, అటవీ శాఖ వారికి రాతపూర్వకంగా తెలియజేసి పని మొదలుపెట్టాను.

ఈ పనిని అనుకరించదలచినవారు చట్టంలోని ఒక విషయాన్ని ముందే తెలుసుకోవాలి. కృష్ణజింక మొదటి షెడ్యూలులోని, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని, జంతువు. దానిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వలపన్నడం, తరమడం, ఎర వేయడం, వాటికి చేసే ప్రయత్నం కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. అందువల్ల మాటు ముందు ఉప్పు గానీ మేత గానీ పోయడం, ఎవరినైనా పంపి గుంపును మాటువైపు తోలించడం అనే రెండు సులభమార్గాలూ ఈ పనిలో లేవు. జింక తనంతట తాను రావాలి, తనంతట తాను పోవాలి. కింద రాసిన శ్రమ అంతటికీ కారణం ఈ నియమమే.

కొలతల పద్ధతి

ప్రతి ప్రయత్నంలోనూ రెండు దూరాలను లేజర్ దూరమాపినితో కొలిచాను. గుంపులో మొదటి జింక మేత ఆపి తల ఎత్తి ఇటు చూసినప్పటి దూరం మొదటిది. దీనిని ‘చూపు దూరం’ అంటాను. గుంపు కదిలి దూరంగా పోవడం మొదలుపెట్టినప్పటిది రెండవది. దీనిని ‘బెదురు దూరం’ అంటాను. మొదటిది ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే మనకు మిగిలే అవకాశం. చూపు దూరం దాటిన తర్వాత మనం చేసే ప్రతి కదలికనూ ఒక జత కళ్లు గమనిస్తూనే ఉంటాయి.

ఉపకరణాలు ఇవి:

1. లేజర్ దూరమాపిని, బైనాక్యులర్లు.
2. గాలి దిక్కు తెలుసుకోవడానికి జిల్లేడు దూది నింపిన చిన్న డబ్బా. టాల్కం పొడి కూడా పనిచేస్తుంది గానీ దానికి సువాసన ఉంటుంది. ఒక్క దూదిపోగును వదిలితే అది 40, 50 మీటర్ల వరకు గాలి ఎటు తిరుగుతోందో చూపిస్తుంది.
3. రెండు థర్మామీటర్లు, ఒకటి మాటు లోపలికి, ఒకటి బయటికి.
4. నకిలీ నోట్లను పరీక్షించే అతినీలలోహిత టార్చి. దీని అవసరం మొదటి దశలో తెలుస్తుంది.

దశ 1: పాకడం (డిసెంబరు)

ముందుగా పోలికకు ఆధారంగా, నిలబడి తిన్నగా గుంపువైపు నడిచే మనిషికి కొలతలు తీశాను. చూపు దూరం 300 మీటర్లు దాటింది. బెదురు దూరం సుమారు 190 మీటర్లు. ఆ తర్వాత ఆకుల ముద్రలున్న దుస్తులు వేసుకుని, కెమెరాను ముందుకు జరుపుకుంటూ బోర్లా పాకడం ప్రయత్నించాను. కెమెరాతో కలిపి నా శరీరం ఎత్తు నేల నుంచి 45 సెంటీమీటర్లు. మేయని చోట గడ్డి ఎత్తు 40 నుంచి 50 సెంటీమీటర్లు. కాగితం మీద ఈ లెక్క సరిపోయింది. కొలతలో మాత్రం బెదురు దూరం 210 మీటర్లకు పెరిగింది. అంటే పాకే మనిషికన్నా నడిచే మనిషినే అవి దగ్గరికి రానిచ్చాయి.

దీనికి మూడు కారణాలు కనబడ్డాయి.

మొదటిది, గడ్డి ఎత్తు అంతటా ఒకటిగా లేదు. జింకలు కోరి నిలబడేది గొర్రెలు, పశువులు మేసి కురచ చేసిన చోట్లలోనే. అక్కడ గడ్డి 15 సెంటీమీటర్లకు మించదు. కురచ గడ్డి వాటికి మేత మాత్రమే కాదు, దూరం నుంచి వచ్చే ప్రమాదాన్ని చూడగలిగే రక్షణ కూడా. మనకు చాటు ఇచ్చే గడ్డి ఉన్న చోట అవి ఎక్కువసేపు నిలవవు.

రెండవది, వాటి కన్ను. గిట్టల జంతువుల కళ్లు తలకు రెండు పక్కలా ఉండి, తల తిప్పకుండానే చుట్టూ చాలా భాగాన్ని చూస్తాయి. కంటిపాప అడ్డంగా సాగి ఉండటం వల్ల దిగంతం వెంట ఉన్న పలుచని పట్టీ వాటికి స్పష్టంగా కనబడుతుంది; మేతకు తల వంచినప్పుడు కూడా ఆ పాప నేలకు సమాంతరంగా నిలిచేలా కన్ను తిరుగుతుంది. చదునైన నేల మీద కొత్తగా లేచిన ఏ చిన్న బొడిపె అయినా ఆ పట్టీలోనే పడుతుంది. రంగుల విషయం వేరు. ఇప్పటివరకు పరిశీలించిన గిట్టల జంతువులకు రెండు రకాల శంకుకణాలే ఉన్నాయి కాబట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చల తేడా వాటికి అంతగా తెలియదు. నీలం వైపు రంగులు మాత్రం బాగా తెలుస్తాయి. నా దుస్తులను చీకట్లో అతినీలలోహిత టార్చి కింద పెట్టి చూస్తే నీలంగా మెరిశాయి, ఎందుకంటే బట్టలను తెల్లగా చూపించడానికి డిటర్జెంటులో కలిపే పదార్థం అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిగా వదులుతుంది. అప్పటి నుంచి ఈ పనికి వాడే బట్టలన్నిటినీ కుంకుడుకాయ రసంతోనే ఉతుకుతున్నాను. డిటర్జెంటు తగలని కొత్త నూలు బట్టను కుంకుడుకాయతో ఉతికి అదే టార్చి కింద చూస్తే ఏ మెరుపూ లేదు.

మూడవ కారణం చెప్పినవాడు ఆ బీళ్లలో ఏళ్ల తరబడి గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన. “నాయనా, నువ్వట్ల పండుకోని పాకితే తోడేలనుకుంటాయి. లేసి నిలబడు, మా గొర్రెల్లో నడువు” అన్నాడు. ఈ మైదానాల్లో తోడేళ్లున్నాయి. నేలకు అణిగి నెమ్మదిగా జరిగే ఆకారం అంటే జింకకు అర్థం ఒక్కటే. నిటారుగా నడిచే మనుషుల్ని అది రోజూ చూస్తుంది, వారిలో ఎక్కువమంది తన జోలికి రారని దానికి తెలుసు.

ఈ మాట తర్వాతి దశలన్నిటి దిశనూ మార్చింది. దాక్కోవడమంటే కనబడకపోవడం అనుకుంటే ఈ నేల మీద దారి లేదు. ఇక్కడ ప్రతిదీ కనబడుతుంది. ప్రమాదం లేనిదిగా జింక ఇదివరకే తేల్చుకున్న వస్తువుగా కనబడటమే మనం చేయగలిగింది. పాత వేటగాళ్లు దీనిని బాగా ఎరుగుదురు. మొగలుల కాలంలో వేటకు మచ్చిక చేసిన చీతాలను కళ్లకు గంతలు కట్టి ఎడ్లబండ్ల మీద కూర్చోబెట్టి కృష్ణజింకల దగ్గరికి తీసుకువెళ్లేవారు. పొలాల మధ్య బండి రోజూ తిరిగేదే కాబట్టి జింకలు దానికి బెదరవు. తుపాకీ వేటగాళ్లు కూడా బండికి అవతలి పక్కన నడుస్తూ అదే చాటును వాడుకున్నారు. 1952లో చీతా మన దేశంలో అంతరించిందని ప్రకటించారు, ఎడ్లబండ్లూ తగ్గిపోయాయి. మాటు వెనుక ఉన్న సూత్రం మాత్రం మారలేదు.

దశ 2: చేత పట్టుకుని నడిచే తెర (జనవరి)

అయినా గొర్రెల మందకు ముందు, ఒంటరిగా మోసుకుపోగలిగే తెరను ఒకసారి పరీక్షించడం అవసరమనిపించింది, ఎందుకంటే మంద ఎప్పుడూ మనకు కావలసిన చోట ఉండదు.

1. సన్నని పీవీసీ గొట్టాలతో 120 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల ఎత్తు గల చట్రం.
2. దాని మీద ముద్రిత పాలియెస్టర్ వల.
3. మధ్యలో కటకం కోసం చీలిక.

ఇది మూడు చోట్ల విఫలమైంది. పాలియెస్టర్ వల ఎండకు మెరిసింది, గాలికి రెపరెపలాడింది. తెర అంచులు నాలుగూ తిన్నటి గీతలు. ప్రకృతిలో అలాంటి గీతలు లేవు. తెర కింద నా పాదాల కదలిక స్పష్టంగా కనబడింది. బెదురు దూరం 170 మీటర్లు.

మార్పులు: పాలియెస్టర్ తీసేసి గోనెపట్టా వేశాను. పై అంచును ఎగుడుదిగుడుగా కత్తిరించి పీచులు వేలాడనిచ్చాను. కింది అంచుకు గొట్టంలా కుట్టి ఇసుక నింపాను. దానితో రెపరెప ఆగింది, పాదాలూ మూసుకుపోయాయి. నడక పద్ధతి కూడా మార్చాను. గుంపువైపు తిన్నగా కాకుండా, దానిని పక్కనుంచి దాటిపోతున్నట్టు ఏటవాలుగా నడిచి, ఎక్కువ తలలు వంగి ఉన్నప్పుడే జరిగాను. అన్ని తలలూ ఒకేసారి వంగే క్షణం కోసం ఎదురుచూస్తే అది రాదు; గుంపు పెద్దదయ్యేకొద్దీ ఎవరో ఒకరు తల ఎత్తే ఉంటారు. తరచుగా ముందు పసిగట్టేది నల్లని ఇర్రి (మగ కృష్ణజింక) కాదు, గుంపు అంచున ఉన్న ఆడ జింక. ఆమె కాలితో నేల తన్నగానే మిగిలినవన్నీ తలలు ఎత్తుతాయి. ఆపైన ఒకటి రెండు నిలువునా ఎగిరి దూకుతాయి. ఎగిరి దూకిన తర్వాత ఆ గుంపును ఆ పూటకు వదిలేయాలి.

మార్పుల తర్వాత బెదురు దూరం 110 మీటర్లు. అదే వారంలో పెద్దాయన మందలో, నిటారుగా, భుజాన కంబళి వేసుకుని, తెర లేకుండా నడిచినప్పుడు 60 మీటర్లు. అదీ తలలు ఎత్తి చూసి మళ్లీ మేతకు దించిన తర్వాత.

దశ 2 బరువు: చట్రం 1.4 కిలోలు, గోనెపట్టా 1.1, ఇసుక అంచు 0.9. మొత్తం 3.4 కిలోలు.
ఖర్చు: 1,150 రూపాయలు.

ఈ తెరను పక్కన పెట్టాను. నడిచే తెర ఎంత మెరుగుపడినా కదిలే కొత్త వస్తువే. కదలని పాత వస్తువు కావాలి.

దశ 3: చొప్పకుప్ప ఆకారం (ఫిబ్రవరి)

ఈ పొలాల్లో కోత తర్వాత జొన్నచొప్ప కుప్పలు, కంది కొట్టిన తర్వాత కందికంప కుప్పలు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. జింకలు వాటి నీడన కూడా మేయడం చూశాను. కాబట్టి మాటుకు అదే ఆకారం.

గుంత తవ్వి పైన కప్పు వేసే పద్ధతిని ఆలోచించి వదిలేశాను. తవ్విన మట్టి రంగు చుట్టూ ఉన్న నేలతో కలవదు, దానిని దూరంగా మోసి పోయాలి. వాన పడితే గుంత నిండుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, గడ్డి వేళ్లతో సహా లేచిన చోట మళ్లీ గడ్డి పట్టడానికి చాలా కాలం పడుతుంది.

చట్రం కట్టిన వరుస:

1. మూడు మీటర్ల పొడవైన వెదురు బద్దలు ఐదు. ఒక్కొక్కదానిని విల్లులా వంచి, రెండు కొసలనూ 20 సెంటీమీటర్ల లోతున నేలలో దిగేశాను. అడుగున వెడల్పు 120, మధ్యలో ఎత్తు 105 సెంటీమీటర్లు.
2. విల్లుకూ విల్లుకూ మధ్య 45 సెంటీమీటర్లు; మొత్తం పొడవు 180.
3. వాటిని కలుపుతూ పొడవునా మూడు బద్దలు, ప్రతి కూడలిలో నారతాడు ముడి. ప్లాస్టిక్ పట్టీలు వాడితే ఎండకు పెళుసెక్కి విరుగుతాయి, విరిగినప్పుడు టక్కున శబ్దం చేస్తాయి.
4. రెండు పొరల గోనెపట్టా. లోపలి పొరకు నల్లరంగు వేయించాను. ఇది అలంకారం కాదు. లోపలి గోడ లేత రంగులో ఉంటే కిటికీ గుండా చూసే జింకకు దాని ముందు మన తల నీడబొమ్మలా కనబడుతుంది. నల్లగా ఉంటే మనిషి ఆ నలుపులో కలిసిపోతాడు.
5. ఇనుప చువ్వ ముక్కలతో ఎనిమిది మేకులు.
6. పైన జొన్నచొప్ప కట్టలు.

ఆరో అంశం మూడో రోజుకే చెడింది. మందలోని మేకలు వచ్చి చొప్పను అందినంతమేర తిని, తాళ్లను లాగి, ఒక పక్క గోనెపట్టాను బయటపెట్టాయి. దానికి బదులు కందికంప వేశాను. ఆ ఎండు కట్టెను పశువులు గానీ మేకలు గానీ ముట్టవు, గాలికి కదలదు, గోధుమరంగు మెల్లగా బూడిదరంగుకు తిరిగి చుట్టుపక్కల కుప్పలతో కలిసిపోతుంది. కొసలు అన్ని దిక్కులకూ పొడుచుకుని ఉంటాయి కాబట్టి అంచు గీత కూడా తెగిపోతుంది. ఆకారాన్ని విరగ్గొట్టే విషయంలో కొన్న ఏ వలా దీనికి సాటి రాలేదు.

దశ 3 బరువు: వెదురు 5.2 కిలోలు, గోనెపట్టా 3.8, తాడు 0.6, మేకులు 2.4. మొత్తం 12.0 కిలోలు. కందికంప రైతు ఇచ్చినదే, మోసుకుపోయే లెక్కలోకి రాదు.
ఖర్చు: వెదురు 600, గోనెపట్టా 1,400, రంగు 350, తాడు, మేకులు 500. ఈ దశకు 2,850 రూపాయలు.
ఇప్పటివరకు మొత్తం ఖర్చు: 4,000 రూపాయలు.

దశ 4: మాటును పాతబడనివ్వడం (ఫిబ్రవరి చివరి నుంచి మార్చి)

ఈ దశలో చేతికి పని తక్కువ, కానీ ఫలితాన్ని నిర్ణయించేది ఇదే. కట్టిన మాటును వెంటనే వాడకూడదు. మగ ఇర్రులు తమ హద్దులలో ఒకే చోట పదేపదే పెంటికలు వేస్తాయి. ఆ కుప్పలు తాజాగా ఉన్నాయంటే ఆ హద్దుకు యజమాని ఉన్నాడని, రోజూ తిరిగి వస్తాడని అర్థం. అలాంటి ఒక కుప్పకు 150 మీటర్ల దూరంలో మొదట మాటును నిలిపి, ఎవరూ లోపల కూర్చోకుండా వదిలేశాను.

అంగీకారాన్ని కొలిచే పద్ధతి ఇది. మాటు చుట్టూ 10, 20, 40 మీటర్ల దూరాల్లో చిన్న రాళ్లతో గుర్తులు పెట్టి, జింకలు దూరంగా ఉన్న మధ్యాహ్నాల్లో మందతో పాటు అటు నడిచి, ఏ గుర్తు వరకు గిట్టల జాడలు, కొత్త పెంటికలు వచ్చాయో చూశాను. 20 మీటర్ల గుర్తు లోపల జాడలు కనబడిన తర్వాతే మాటును ముందుకు జరిపాను. ఒక్కసారికి 25 మీటర్లకు మించి జరపలేదు. ఒకసారి తొందరపడి 60 మీటర్లు జరిపితే గుంపు ఆ వైపు మేయడమే మానేసింది. తిరిగి వెనక్కి జరిపి నిలపాల్సి వచ్చింది.

ఈ దశలో మాటును రెండు కారణాల వల్ల పక్కకు తిప్పాల్సి వచ్చింది. మొదటిది తీతువు. అనుకున్న చోటికి దగ్గర్లో ఒక జత తీతువులు తిరుగుతున్నాయి, గుడ్లు పెట్టే సూచనలున్నాయి. మనిషి అటు వెళ్లిన ప్రతిసారీ అవి నెత్తిమీద అరుస్తూ తిరుగుతాయి; ఆ అరుపు విని జింకలన్నీ తలలెత్తుతాయి. గూటిని వదిలేయడం పిట్టకూ మేలు, మాటుకూ మేలు. రెండవది జింకపిల్ల. ఈనిన తల్లి పిల్లను మొదటి రోజుల్లో గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది. గడ్డిలో కదలకుండా ముడుచుకున్న పిల్ల కనబడితే దానిని ముట్టుకోకూడదు, అది తప్పిపోయింది అనుకోకూడదు, దాని దగ్గర మాటు పెట్టకూడదు. మనం అక్కడ ఉన్నంతసేపూ తల్లి పాలివ్వడానికి రాదు.

చివరి స్థానం: పెంటికల కుప్పకు 35 మీటర్లు.

దశ 5: కిటికీ, వేడి, శబ్దం (మార్చి నుంచి ఏప్రిల్)

లోపల కూర్చోవడం మొదలైన తర్వాత బయటపడిన లోపాలు ఇవి.

కిటికీ. మొదట 40 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తుతో కోశాను. బయటి నుంచి చూస్తే అది బూడిదరంగు కుప్పలో నల్లని దీర్ఘచతురస్రం. ఇర్రి దాని వైపే చూస్తూ నిలబడింది. 25 వెడల్పు, 20 ఎత్తుకు తగ్గించి, మధ్యభాగం నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా మార్చాను. భుజం దగ్గర ఇర్రి ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు కాబట్టి ఫొటో కూడా దాని స్థాయిలో వస్తుంది. కటకం చుట్టూ గోనె గుడ్డతో చొక్కా చేయిలాంటి తొడుగు కుట్టి కిటికీ అంచుకు కలిపాను. ఇప్పుడు కటకం తిరిగినా కిటికీ ఆకారం మారదు. కటకాన్ని తిప్పే వేగం కూడా ముఖ్యం. ఇర్రి తల వంచినప్పుడే తిప్పాలి, గడియారం ముల్లుకన్నా కొంచెమే వేగంగా.

సూర్యుడు. కిటికీలోకి తిన్నగా ఎండ పడితే లోపలి నలుపు పనిచేయదు, ముఖం వెలుగుతుంది, కటకం మెరుస్తుంది. గాలి, ఎండ రెండూ ఒకేసారి అనుకూలించే వేళలు తక్కువ. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పుల నుంచి వస్తుంది. వాసన జింకలకు చేరకూడదంటే మాటు వాటికి నైరుతిలో ఉండాలి. అప్పుడు సాయంత్రపు ఎండ వీపువైపు నుంచి వచ్చి జింకల మీద పడుతుంది. కాబట్టి ఆ కాలంలో మాటుకు సాయంత్రం సరైన వేళ. వెనుక వైపు చిన్న సందు కూడా ఉండకూడదు. ఉంటే ఆ వెలుగులో మన ఆకారం కిటికీ గుండా కనబడుతుంది. వెనుక తలుపును ఒకదాని మీద ఒకటి పడే రెండు మడతలుగా మార్చాను.

వేడి. బయట 38 డిగ్రీలున్నప్పుడు లోపల 45. చెమట కారితే ఒంటి వాసనా పెరుగుతుంది, చేయీ నిలవదు. గోనెపట్టాకూ కందికంపకూ మధ్య నాలుగు వేళ్ల గాలి ఖాళీ ఉండేలా కంపను అదనపు బద్దల మీదికి ఎత్తాను. పై భాగంలో వెనుకవైపు 30 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు సందు తీసి కంపతోనే నీడ కప్పాను. లోపలి వేడి 41కి దిగింది. అంతకన్నా దించలేకపోయాను. అందువల్ల ఏప్రిల్‌లో ఉదయం 10 గంటల తర్వాత కూర్చోవడం మానేశాను. జింకలు కూడా ఆ వేళకు మేత ఆపి పడుకుంటాయి. మూడు లీటర్ల నీళ్లు లేకుండా లోపలికి వెళ్లవద్దు.

శబ్దం. అద్దం లేచే పాత కెమెరా చప్పుడు ఈ దూరంలో ప్రతిసారీ తల ఎత్తించింది. శబ్దం లేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న కెమెరాకు మారాను. మడత కుర్చీ కిర్రుమంటుంది. బదులుగా 15 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పీట, దాని మీద మడిచిన కంబళి. మూడు కాళ్ల స్టాండు తీసేసి ఇసుక సంచిని రెండు రాళ్ల మీద పెట్టాను.

దశ 5లో చేరిన బరువు: తొడుగు, అదనపు గుడ్డ 0.5 కిలో, ఇసుక సంచి 3.0, పీట 1.1. మొత్తం 4.6 కిలోలు.
ఖర్చు: 450, 150, 550. ఈ దశకు 1,150 రూపాయలు.
మాటు మొత్తం బరువు: 16.6 కిలోలు, నీళ్లు, కెమెరా కాకుండా.
ఇప్పటివరకు మొత్తం ఖర్చు: 5,150 రూపాయలు.

దశ 6: లోపలికి, బయటికి (ఏప్రిల్)

మాటు ఎంత బాగున్నా, అందులోంచి మనిషి లేచి రావడాన్ని జింక ఒక్కసారి చూస్తే అంతవరకు చేసిన పని పోతుంది. అందుకే ఈ వరుసను తప్పకుండా పాటిస్తున్నాను.

1. వెలుగు రాకముందే చేరాలి. 300 మీటర్ల దూరంలో ఆగి దూదిపోగు వదలాలి. అది జింకలు పడుకునే వైపు సాగితే ఆ రోజు తిరిగి వెళ్లిపోవాలి. దీనికి మినహాయింపు లేదు. కంటికి అలవాటైన వస్తువును కూడా వాసన ఒక్క క్షణంలో మనిషిగా మార్చేస్తుంది.
2. మాటు అంచును పొడవాటి కర్రతో ఎత్తి, టార్చితో లోపల నేలంతా చూడాలి. కందికంప నీడను రక్తపింజరి, తేలు కూడా ఇష్టపడతాయి. చేతితో ఎత్తకూడదు.
3. పగటిపూట వెళ్లవలసి వస్తే మందతో పాటు వెళ్లాలి. మంద మాటును రాసుకుంటూ పోయేటప్పుడు అవతలి పక్క నుంచి లోపలికి దూరాలి; పెద్దాయన ఆగకుండా నడిచిపోవాలి. మంద వెళ్లిపోయిందన్నదే జింకలు గమనిస్తాయి, అందులో ఒక మనిషి తగ్గాడన్నది గమనించవు. మందను జింకల వైపు మళ్లించమని అడగకూడదు. అది రోజూ పోయే దారిలోనే పోవాలి.
4. బయటికి రావడం చీకటి పడిన తర్వాత, లేదా మంద తిరిగి వచ్చేటప్పుడు.
5. గుంపు ఆందోళనగా ఉంటే, ఒక తల ఐదు నిమిషాలకు మించి మాటు వైపే చూస్తుంటే, కెమెరా దించి కదలకుండా ఉండాలి. అయినా మేతకు తిరగకపోతే తర్వాతి మూడు రోజులు మాటును ఖాళీగా వదలాలి.

ఈ వరుసతో వచ్చిన దగ్గరి దూరం 28 మీటర్లు. హద్దు యజమాని అయిన నల్ల ఇర్రి, కంటి ముందు గ్రంథిని గడ్డి కాడకు రుద్ది గుర్తు పెట్టి, పెంటికల కుప్ప దగ్గర నిలబడి, మాటు వైపు ఒకసారి చూసి మేతకు వంగింది. బెదురు దూరం రాసే గడిలో ఆ రోజు అంకె లేదు, ఎందుకంటే అది బెదరలేదు.

దూరాల పట్టిక ఇప్పటివరకు:

నిలబడి నడక: 190 మీటర్లు
పాకడం: 210
మొదటి తెర: 170
మార్చిన తెర: 110
గొర్రెల మందలో: 60
కందికంప మాటు: 28, బెదురు లేదు

దశ 7: గాలి మారిన తర్వాత (జూన్)

నైరుతి రుతుపవనాలతో గాలి పడమర నుంచి వీస్తూ బలపడింది. పాత స్థానంలో మాటు వాసన తిన్నగా జింకల మీదికే పోతోంది. మాటును వాటికి తూర్పుగా మార్చాలి. అప్పుడు సాయంత్రపు ఎండ కిటికీలో పడుతుంది కాబట్టి వేళను ఉదయానికి మార్చాలి. పడమటి గాలి విసురుకు రెండు మేకులు ఊడివచ్చాయి. తొలి జల్లుకు కందికంప తడిసి బరువెక్కి మధ్య విల్లు ఎనిమిది సెంటీమీటర్లు కుంగింది. లోపల టార్పాలిన్ కట్టి చూస్తే చినుకుల చప్పుడు డప్పులా వినిపించింది, తీసేశాను.

ఆరో విల్లు వేసి మళ్లీ నిలపవచ్చు గానీ ఈ వానాకాలంలో నిలపడం లేదు. గడ్డి లేచే ఈ నెలల్లోనే నేలపిట్టలు గుడ్లు పెడతాయి, ఆ గడ్డిలో రోజూ తెల్లవారకముందు చీకట్లో నడవకూడదు. మేకులు పీకి, గుంతలు పూడ్చి, బద్దలను రైతు కొట్టంలో అటక మీద పెట్టాను. కోతల తర్వాత చేయవలసిన మార్పులు మూడు: ఆరు విల్లులు, 30 సెంటీమీటర్ల లోతుకు దిగే మేకులు, తూర్పుకూ నైరుతికీ రెండు స్థానాలను ముందే నిలిపి ఉంచే రెండవ చట్రం. దీనికి వెదురు, గోనెపట్టా కలిపి సుమారు 2,000 రూపాయలు అవుతుంది.